వంతెన కట్టినట్టే భావించాలి

బొంబాయిలో ఫోరస్ రోడ్డు మీద ఉన్న దర్జీ దుకాణానికి ఆదివారం సెలవు. ఎనభైల మొదట్లో కొన్నేళ్ల పాటు ఆ సెలవు రోజున, మధ్యాహ్నం భోజనాలయ్యాక, అక్కడ యుద్ధం జరిగేది. షట్టరు సగం దించి, గుడ్డలు కత్తిరించే బల్ల మీద పటం పరిచి, నేనూ దర్జీ చెరొక దేశం తీసుకునేవాళ్లం. మూడో మనిషి మేస్త్రి. ఆయనకు దేశం లేదు. ఆయన సంగతి రాయాలనే ఈ కాగితాలు తీశాను.

ముందు నా సంగతి చెప్పాలి. నేను ఒక బిల్డింగు కంట్రాక్టరు దగ్గర హాజరు గుమాస్తాను. పొద్దున ఎవరు పనికి వచ్చారో, సాయంత్రం ఎవరు ఎప్పుడు దిగారో మస్టరులో రాయడం నా ఉద్యోగం. రోజంతా అదే రాసిన చేతికి ఇంటికి వచ్చాక కూడా ఏదో ఒకటి రాయకపోతే తోచదు. డైరీలు అలా మొదలయ్యాయి. ఉద్యోగం నుంచి దిగిపోయాక వాటిని ఒక ట్రంకులో సర్దాను. వాటిలో ఎక్కువగా వాన పడిందా లేదా, ఆదివారం ఎవరు గెలిచారు అన్నవే ఉన్నాయి.

ఆట పెట్టెను దర్జీ చోర్ బజార్లో కొన్నాడు. పగలగొట్టిన ఓడల్లోంచి వచ్చిన సామాను మధ్య, గోడ గడియారాల కింద దొరికిందట. లోపల చిన్న చిన్న అరలు ఉన్నాయి కాబట్టి గుండీలు పెట్టుకోవచ్చని తీసుకున్నాడు. ఇంటికి వచ్చి చూస్తే అరల నిండా అట్టబిళ్లలు, రెండు పాచికలు, మడతపెట్టిన పటం, ఇంగ్లీషు పుస్తకం ఒకటి. పటం మీద తేనెపట్టులాగా ఆరు మూలల గళ్లు, నడుమ ఒక నది, అటొక కోట, ఇటొక కోట. బిళ్లల మీద గుర్రాలు, ఫిరంగులు, కాలిబంట్లు. సగం నీలం రంగు, సగం ఎరుపు. పుస్తకానికి అట్ట లేదు, చివరి పేజీలు కూడా లేవు. ఉన్నంత వరకు నేను తెలుగులోకి రాసి పెట్టాను. అందుకు నాకు దాదాపు ఒక వానాకాలం పట్టింది.

బిళ్లల్లో కొన్నింటి మీద పలుగూ పారా బొమ్మ ఉండేది. వాళ్లు సైన్యానికి ముందు వెళ్లి రోడ్లు వేసేవాళ్లనీ, వంతెనలు కట్టేవాళ్లనీ పుస్తకంలో రాసి ఉంది. మా తాతలు బొంబాయికి వచ్చింది ఆ పనికే. అలా వచ్చిన తెలుగు కూలీలను ఇక్కడ కామాటీలంటారు కాబట్టి మేము వాళ్లను కామాటి బిళ్లలు అన్నాము. వేరే మాట వెతకలేదు.

మేస్త్రి మా చాల్లో, అంటే వరుస గదుల బిల్డింగులో, మూడో అంతస్తు. నేను రెండో అంతస్తు. దర్జీ కింద. పాలమూరు నుంచి చిన్నప్పుడే తండ్రి వెంట వచ్చి, గోడలు కట్టి కట్టి మేస్త్రి అయిన మనిషి. మేము ఆట మొదలుపెట్టిన కొత్తలో ఒక ఆదివారం ఆయన చొక్కా కాలరు తిప్పించుకోవడానికి దుకాణానికి వచ్చాడు. బల్ల మీద పటం చూశాడు. పలుగూ పారా ఉన్న బిళ్లను తీసి, కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు.

"వీళ్లు ఎవరి మనుషులు?" అని అడిగాడు.

నీలం రంగువి నావి, ఎరుపువి దర్జీవి అని చెప్పాను.

"కామాటోడు ఎవరి మనిషి గాడు బిడ్డా. ఎవరు పిలిస్తే వాళ్ల పని చేస్తడు," అన్నాడు. రెండు రంగుల బిళ్లలూ ఏరి తన ముందు పెట్టుకున్నాడు.

కాలరు అయ్యాక వెళ్లిపోతాడు కదా అని మేము అడ్డం చెప్పలేదు. కాలరు అయింది. ఆయన వెళ్లలేదు.

అప్పటి నుంచి మా యుద్ధంలో కొన్ని పద్ధతులు ఏర్పడ్డాయి. అవి పుస్తకంలో లేనివి. వంతెన కావాలంటే మేస్త్రిని పిలవాలి. ఎవరు ముందు పిలిస్తే ముందు వాళ్ల పని. ఒకరి పని సగంలో ఉండగా రెండోవాళ్లు ఎంత తొందరపడ్డా ఆయన లేవడు. కామాటి బిళ్లల మీద ఎవరూ దాడి చేయకూడదు. పుస్తకంలో చేయవచ్చని ఉన్నట్టు నేను చూపించాను. కామాటిని చంపితే రేపు గోడ ఎవరు కడతారని ఆయన అడిగాడు. ఆ ప్రశ్నకు పుస్తకంలో జవాబు లేదు. ఇంకొకటి, పటం అంచున వంతులు లెక్కపెట్టే పట్టీలో ప్రతి నాలుగో వంతు దగ్గరా నల్లటి సున్నా ఒకటి ఉండేది. దాని వివరం పోయిన పేజీల్లో ఉండాలి. అది అమావాస్య అని మేస్త్రి తేల్చాడు. అమావాస్య నాడు పని ముట్టరు. కాబట్టి నల్ల సున్నా వచ్చినప్పుడల్లా రెండు దేశాల్లోనూ పని ఆగేది. మేము కొన్నేళ్లు అలాగే ఆడాము.

ఆయన పాచికలు వేసేవాడు కాదు. గెలుపూ లేదు, ఓటమీ లేదు. అగ్గిపుల్ల విరిచి నదికి అడ్డంగా పెట్టేవాడు. అదే వంతెన. ఒక్కోసారి ఒక గడిలో పెట్టమంటే పెట్టేవాడు కాదు, అక్కడ నేల మెత్తగా ఉందనేవాడు. అది అచ్చు వేసిన కాగితం కాబట్టి సరిచూడటానికి వీలుండేది కాదు.

ఇదంతా ఆయన పరంజా మీద నుంచి పడటానికి ముందే మొదలైంది. పడ్డాక మోకాలు వంగలేదు. కూలీలను పనికి పిలిచే ముకద్దం అరటిపళ్లతో ఒకసారి వచ్చి చూసి వెళ్లాడు. మళ్లీ రాలేదు. అంతకు ముందు ఏదో ఒక సైటు నుంచి మనిషి వచ్చి గదుల ముందు గ్యాలరీలో నిలబడి మేస్త్రీ అని పిలిచేవాడు. పడిన తర్వాత ఆ పిలుపులు ఆగిపోయాయి. కొడుకు మంచివాడు, కోడలు మంచిది. ఇంట్లో ఆయనకు లోటేమీ లేదు, పని తప్ప. ఆదివారం మాత్రం మెట్లు ఒక్కొక్కటే దిగి దుకాణానికి వచ్చేవాడు. కాలు చాచుకోవడానికి దర్జీ ఒక పెట్టె బోర్లించి ఉంచేవాడు. ఆట అయిపోయాక కామాటి బిళ్లలు ఒక ఖాళీ జర్దా డబ్బాలో వేసి, ఆ డబ్బాను ఆయనే ఆట పెట్టెలో పెట్టేవాడు. దాన్ని మేము ముట్టేవాళ్లం కాదు.

కొత్త పెట్టె కూడా దర్జీ వల్లే వచ్చింది. ఓడలో పనిచేసే గిరాకీ ఒకడు ప్యాంట్లు కుట్టించుకుని, తన దగ్గర ఇలాంటిదే ఉందని తెచ్చి ఇచ్చాడు. అదే ఆట. అదే పటం, రంగులు ఇంకా బాగున్నాయి. పుస్తకానికి అట్ట ఉంది, చివరి పేజీలున్నాయి. అట్ట మీద కొత్త కూర్పు, మార్చిన నియమాలు అని రాసి ఉంది.

కంట్రాక్టరు మస్టరు ఫారం మారిస్తే మేము సోమవారం నుంచి కొత్త ఫారంలో రాసేవాళ్లం. పాతది బాగుందా, కొత్తది బాగుందా అని ఎవరూ అడగరు. నేను అలాంటి పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి వెంటనే కొత్త పుస్తకం తెలుగు చేయడానికి కూర్చున్నాను. మారిన వాటి పక్కన ఎర్ర పెన్సిలుతో గీత గీశాను. ఆదివారం దుకాణంలో ఇద్దరికీ వరుసగా చదివి వినిపించాను.

ఫిరంగి గుండు ఇదివరకంత దూరం పోదు. గుర్రపు దళం మీదికి శత్రువు వస్తే అది దెబ్బ తినకముందే వెనక్కి తగ్గవచ్చు. దర్జీకి గుర్రాలంటే ఇష్టం కాబట్టి ఆ నియమం రెండోసారి చదివించుకున్నాడు. నల్ల సున్నా అమావాస్య కాదు, రాత్రి. ఆ వంతులో దూరంగా ఉన్న సైన్యాలు ఒకదానికొకటి కనపడవు. అప్పటికే మేస్త్రి కొత్త పెట్టెలోని అరలు ఒక్కొక్కటే చూస్తున్నాడు.

"మావోళ్లు ఏ అరల ఉన్నరు?" అని అడిగాడు.

నేను ఆ నియమం దాకా ఇంకా రాలేదు. పేజీ తిప్పి చదివాను. ఆట సులువుగా సాగడం కోసం ఈ కూర్పులో పలుగూ పారా దళాలను తీసివేయడమైనది. నది పక్కన ఒక వంతు ఆగిన ఏ దండైనా వంతెన కట్టినట్టే భావించాలి.

"ఎవరు గట్టినట్టు?"

"దండే కట్టుకున్నట్టు, కాకా."

"గుర్రాలు గూడనా?"

పుస్తకంలో మళ్లీ చూశాను. ఏ దండైనా అనే ఉంది. గుర్రాలు కూడా, అన్నాను.

ఆయన కాసేపు తమలపాకు నమిలాడు. "మంచిదే," అన్నాడు. "గుర్రాలు గూడ పని నేర్సినై."

దర్జీ నవ్వాడు. మేస్త్రి నవ్వలేదు. ఇంకేమన్నా మారినవి ఉన్నాయా అని నన్ను అడిగాడు. మొదలుపెట్టిన చదువు సగంలో ఆపడం పద్ధతి కాదని మిగిలినవీ చదివాను. అన్నీ విన్నాడు. పాత పెట్టె దగ్గరికి వెళ్లి ఏదో సర్దాడు. తర్వాత కాలు దించుకుని, షట్టరు కింద నుంచి వంగలేక దాన్ని కొంచెం పైకి తోయించుకుని, వెళ్లిపోయాడు.

తరువాతి ఆదివారం ఆయన రాలేదు. కొత్త నియమాలతో ఆడాము. ఉన్నది ఉన్నట్టు రాయాలి, ఆట చురుకుగా సాగింది. ఎవరినీ పిలవనక్కర లేదు, ఎవరి పని ఎప్పుడు అవుతుందని ఎదురుచూడనక్కర లేదు. ఇరానీ హోటలు నుంచి చాయ్ వచ్చేలోపల యుద్ధం ముగిసింది. చాయ్‌లు అలవాటు ప్రకారం మూడు వచ్చాయి. మూడోది దర్జీ తాగాడు. ఇంకా ఎండ ఉంది. ఏం చేయాలో తోచక ఇద్దరం దుకాణం ఊడ్చాము.

ఆ వారంలోనే మా ఆవిడ నీళ్ల నల్లా దగ్గర మేస్త్రి కోడలు చెప్పిన మాట నాకు చేరవేసింది. మామకు వారమంతా గడ్డం ధ్యాస ఉండదు, ఆదివారం పొద్దున మాత్రం గీసుకుంటాడు. మొన్నటి ఆదివారమూ గీసుకున్నాడు. ఉతికిన చొక్కా వేసుకుని, తలుపుకు ఎదురుగా మంచం మీద కూర్చున్నాడు. దీపాలు పెట్టే వేళకు చొక్కా విప్పి మళ్లీ చిలక్కొయ్యకు తగిలించాడు. ఎవరన్నా పిలిచారా అని ఒక్కసారే అడిగాడట.

"ఏం జేసిన్రు ఆయన్ని?" అని మా ఆవిడ నన్ను అడిగింది.

నియమం మారిందని చెప్పాను.

"ఎవలు మార్చిన్రు?"

పుస్తకం అచ్చు వేసినవాళ్లు అని చెప్పాను. ఆమె బిందె దించి లోపలికి వెళ్లింది. ఆ రాత్రి పప్పులో ఉప్పు లేదు. అది పొరపాటే అయి ఉండవచ్చు.

బుధవారం పని నుంచి వస్తూ మూడో అంతస్తుకు ఎక్కాను. కోడలు చాయ్ ఇచ్చింది. కొత్త ఆటలో ఆయనకు చోటు ఎలా చూపించాలా అని ఆలోచించుకునే వెళ్లాను. ఒక గుర్రపు దళం ఇస్తాను, నా పక్షాన ఉండమని చెప్పాను.

"ఈ వయసుల గుర్రమెందుకు బిడ్డా నాకు," అన్నాడు. "మోకాలు వంగదు."

అది బొమ్మ గుర్రమే కదా అన్నాను. బొమ్మదైనా అది చేసేది చంపే పనే కదా, ఆ పని తనకు రాదన్నాడు. చాయ్ తాగాము. నేను లేస్తుంటే అడిగాడు.

"వంతెనలు నిలుస్తున్నయా?"

అన్నీ నిలిచే ఉన్నాయని చెప్పాను.

"నిలుస్తయి. లేనియి ఎందుకు కూలుతయి?"

ఆ మాట నిజమని రెండో ఆదివారం బల్ల మీద తెలిసింది. పాత పద్ధతిలో వంతెన కట్టేవాళ్లే దాన్ని పీకేవాళ్లు కూడా. కొత్త పుస్తకంలో కట్టడానికి నియమం ఉంది, పీకడానికి లేదు. ఎక్కడ ఏ దండు ఆగినా అగ్గిపుల్ల లేస్తోంది. సగం ఆటకే నది దువ్వెనలాగా తయారైంది. దర్జీ కాలిబంట్లు అలుపు తీర్చుకోవడానికి ఒడ్డున ఆగితే, వాళ్లకు అక్కర లేకపోయినా అక్కడొక వంతెన పడింది. నేను ఆ వంతెన మీదుగా పోయి వాడి కోట తీసుకున్నాను.

"ఏందన్నా ఇది," అన్నాడు దర్జీ. "నది ఉన్నట్టా, లేనట్టా? నా వంతెన మీదికెల్లి నన్నే కొట్టినవ్. దాన్ని తీసేటోడు లేడా?"

లేడని చెప్పాను. నియమం చదివి వినిపించాను. తనకు నియమం అక్కర లేదు, తీసే మనిషి కావాలన్నాడు. నేను ఒక రాజీ చెప్పాను. గుర్రాలకూ ఫిరంగులకూ కొత్త నియమం ఉంచుదాం, వంతెనలకు పాతది. దర్జీకి గుర్రాలు పోవు కాబట్టి వెంటనే సరే అన్నాడు. పాత పెట్టె దించి తెరిచాము. అరలన్నీ చూశాము. జర్దా డబ్బా లేదు.

దర్జీ మొదట ఎలుకలను అనుమానించాడు. డబ్బాతో సహా ఎలుక ఎత్తుకుపోదని నేను అన్నాను. ఆ డబ్బాను ముట్టే మనిషి ఒక్కరే. పటం మీద బిళ్లలు చెదరకుండా నేను కాపలా కూర్చున్నాను. దర్జీ చాల్‌కు వెళ్లాడు.

అక్కడ జరిగింది వాడు వచ్చాక చెప్పాడు. గదిలోకి వెళ్లి మంచం పక్కన కూర్చుని బతిమాలుదామనుకున్నాడట. గ్యాలరీలో కాలు పెట్టగానే, తలుపుకు ఎదురుగా చొక్కా వేసుకుని కూర్చున్న మనిషిని చూసి, ఆ ఆలోచన మానుకున్నాడు. ముకద్దం లాగా బయటే నిలబడి పిలిచాడు. మేస్త్రీ, పనుంది, వస్తవా అన్నాడు. ఏం పని అని లోపలి నుంచి వచ్చింది. వంతెన అన్నాడు. కట్టుడా, పీకుడా అని మళ్లీ వచ్చింది. రెండూ అన్నాడు. పైన చెప్పులు వేసుకుంటున్న చప్పుడు తాను మెట్లు దిగుతుంటే వినిపించిందన్నాడు.

మేస్త్రి రావడానికి చాలాసేపు పట్టింది. మెట్లు అన్ని ఉన్నాయి మరి. వచ్చి, పెట్టె మీద కాలు చాచుకుని, నడుముకున్న తమలపాకుల చంచిలోంచి జర్దా డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు.

"డబ్బా ఎందుకు తీస్కపోయినవ్ కాకా? ఎలుకల్ని తిట్టుకున్నం," అన్నాడు దర్జీ.

"పని లేదంటిరి. పని లేదన్నంక తాపి సైట్ల ఇడిసి వస్తరా ఎవరన్న? నువ్వు కత్తెర ఇడిసి పోతవా దర్జీ?"

దర్జీ కత్తెర వైపు చూశాడు.

రాజీ సంగతి నేను వివరంగా చెప్పాను. ఆయన అన్నీ ఒప్పుకున్నాడు. ఒక్క నల్ల సున్నా దగ్గర ఆగాడు. అది అమావాస్య, సుట్టీ అన్నాడు. అది రాత్రి అనీ, కొత్త పుస్తకంలో స్పష్టంగా ఉందనీ, రాత్రి పని చేయకూడదని ఎక్కడా లేదనీ నేను చెప్పాను.

"రాత్రి పని జేస్తే మస్టర్ల ఎట్ల రాస్తవ్ బిడ్డా?"

రాత్రి పనికి వేరే పేజీ పెట్టాలి, ముందుగా కంట్రాక్టరు సంతకం కావాలి. అది మా ఆఫీసు పద్ధతి. ఇక్కడ కంట్రాక్టరు లేడు. కాబట్టి నల్ల సున్నా నాడు పని ఉండదని రాసుకున్నాను. పుస్తకం ప్రకారం అది రాత్రి, మా ప్రకారం సుట్టీ.

పాత అగ్గిపుల్లలన్నీ ఆయన ఒక్కొక్కటే ఏరేశాడు. వాటిని ఎవరు కట్టారని అడిగాడు. ఎవరూ కట్టలేదని చెప్పాము. అందుకే ఇంత సులువుగా వస్తున్నాయన్నాడు. నది మళ్లీ నదిలాగా కనిపించింది. బిళ్లలు మొదటి నుంచి సర్దుకున్నాము. నాకు పై మలుపు దగ్గర వంతెన కావాలని అడిగాను. దర్జీ తనకు కింద కావాలన్నాడు.

"ముందు ఎవరు పిలిచిన్రు?" అన్నాడు మేస్త్రి.

దర్జీ పిలిచాడు. నేను బుధవారమే ఇంటికి వచ్చానని గుర్తు చేశాను.

"నువ్వొచ్చింది గుర్రం ఇయ్యనీకి. పనికి పిలువనీకి గాదు."

దర్జీ వంతెన మొదలైంది. నా పని మొదలయ్యేలోపు నల్ల సున్నా వచ్చింది, సుట్టీ ఇచ్చారు. అంతకు ముందే పూర్తయిన ఆ వంతెన మీదుగా దర్జీ గుర్రాలు దాటాయి. నేను ఎదురు దాడి చేస్తే కొత్త నియమం ప్రకారం దెబ్బ తినకుండా వెనక్కి తగ్గి, మళ్లీ వచ్చాయి. దీపాలు పెట్టే వేళకు నా కోట పోయింది. మూడు చాయ్‌లూ వేడిగానే అయిపోయాయి. ఆ రోజు డైరీలో ఇలా ఉంది. వాన లేదు. ఓడిపోయాను. వంతెన నిలిచింది.

ఆట ముగిశాక మేస్త్రి బిళ్లలు డబ్బాలో వేసి, డబ్బాను చంచిలో పెట్టుకున్నాడు. ఇక అది పెట్టెలోకి రాలేదు, ఆయనతో పాటే పైకి పోయేది. దానివల్ల ప్రతి ఆదివారం ఎవరో ఒకరు మూడో అంతస్తుకు వెళ్లి పిలిచి తీరాలి. ముందు వెళ్లినవాడిది మొదటి వంతెన. ఈ నియమం రెండు పుస్తకాల్లోనూ లేదు. దర్జీ భోంచేయకుండానే ఎక్కడం మొదలుపెట్టాడు. నేను ఆదివారం అన్నం పొద్దున్నే వండమని అడిగితే, ఇది యుద్ధమా శ్రాద్ధమా అని మా ఆవిడ అడిగింది. వండింది మాత్రం పొద్దున్నే వండింది. నల్లా దగ్గర విన్న కొత్త సంగతి కూడా చెప్పింది. మేము ఎప్పుడు వస్తామో తెలియడం లేదని మేస్త్రి ఇప్పుడు శనివారం సాయంత్రమే గడ్డం గీసుకుంటున్నాడట.